30 జట్లూ కలిపి ఒకే బేరం: 2005లో ఎన్‌హెచ్‌ఎల్ ఓనర్లు ఎందుకు వద్దన్నారు?

పెట్టుబడి_పులి

ఐపీఎల్ జట్ల అమ్మకాల థ్రెడ్‌లో ఎవరో "ఏకంగా లీగ్ మొత్తాన్నే ఒకడు కొనేస్తే ఎలా ఉంటుంది?" అని అడిగారు. అంత పనీ ఒకసారి జరగబోయింది. మన దగ్గర కాదు, అమెరికా-కెనడా ఐస్ హాకీలో. అక్కడ రాస్తే కొట్టుకుపోతుందని విడిగా వేస్తున్నా.

2005 మార్చి 1న న్యూయార్క్‌లో ఎన్‌హెచ్‌ఎల్ (అక్కడి నేషనల్ హాకీ లీగ్) ఓనర్ల మీటింగ్. బోస్టన్‌లో ఉండే బెయిన్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ, గేమ్ ప్లాన్ ఇంటర్నేషనల్ అనే స్పోర్ట్స్ సలహా సంస్థ కలిసి వచ్చి, మీ 30 జట్లనూ మాకిచ్చేయండి, 350 కోట్ల డాలర్ల దాకా ఇస్తాం అన్నాయి. ఒక జట్టు, రెండు జట్లు కాదు, టొరంటో నుంచి టాంపా దాకా అన్నీ.

సమయం కూడా చూసుకుని వచ్చారు. 2004 సెప్టెంబర్ నుంచి ఓనర్లు లాకౌట్ పెట్టి కూర్చున్నారు. ఫిబ్రవరి 16న కమిషనర్ గ్యారీ బెట్‌మన్ మొత్తం సీజన్ రద్దు చేశాడు. ఉత్తర అమెరికాలో పెద్ద లీగ్ ఏదీ అంతకు ముందు జీతాల గొడవతో సీజన్ మొత్తం పోగొట్టుకోలేదు. రెండు వారాలు తిరక్కుండానే బెయిన్ వాళ్ళు తలుపు తట్టారు.

ఓనర్లు విన్నారు, పంపించేశారు. వద్దనడం తెలివా, తలపొగరా? మీరేమంటారు?

ఫ్రిస్కో_బావ

తలపొగరే. నష్టాల్లో మునిగి, దుకాణం షట్టర్ దించేసిన రోజున ఒకడు చెక్కు బుక్కు పట్టుకుని వస్తే కాళ్ళు కడిగి లోపలికి తీసుకెళ్ళాలి. 2003లో బఫెలో, ఒట్టావా రెండూ దివాలా కోర్టుకెక్కాయి. పిట్స్‌బర్గ్ 1998లోనే ఎక్కింది. బకాయిలు రావాల్సిన ఆటగాడు మారియో లెమ్యూ తర్వాత ఓనర్ అయ్యాడు. ఇలాంటి లీగ్‌కి 350 కోట్లు ఎక్కువే.

లెక్కల_మాస్టారు

బావగారూ, నెమ్మది. 350ని 30తో భాగిస్తే జట్టుకి 11 కోట్ల 67 లక్షలు. దానికి కొన్ని నెలల ముందే ఫోర్బ్స్ పత్రిక వేసిన సగటు 16 కోట్ల 30 లక్షలు. అంటే మొత్తం 489 కోట్లు. బెయిన్ అడిగింది పాతిక శాతానికి పైగా తక్కువకి.

కాకపోతే అటువైపు లెక్క కూడా ఉంది. ఆ మీటింగ్‌కి కొద్ది రోజుల ముందే డిస్నీ తన అనాహైమ్ జట్టు మైటీ డక్స్‌ని అమ్మకానికి ఖాయం చేసుకుంది. పత్రికల్లో వచ్చిన ధర ఏడున్నర కోట్ల డాలర్లు. డిస్నీ లాంటి కంపెనీయే ఆ ధరకి వదిలించుకుందంటే, చిన్న ఊళ్ళ ఓనర్లకి సగటు 11.67 కోట్లు పండగే.

చిక్కంతా అక్కడే. "సగటు" అనేది ఎవరికీ అందే డబ్బు కాదు. న్యూయార్క్ రేంజర్స్‌కి ఎంత, నాష్‌విల్‌కి ఎంత అని పంచుకోవాలి. చిన్నోళ్ళు సంతోషించే ధర పెద్దోళ్ళకి అవమానం. ఒక్కరు అడ్డం తిరిగినా అది లీగ్ మొత్తం కొన్నట్టు కాదు. 30 సంతకాలూ పడాలి.

ఓక్‌విల్_కాకా

నేను అప్పుడు టొరంటో పక్కనే ఉన్నాను, ఇప్పుడూ ఇక్కడే. ఆ చలికాలం గురించి చెప్తా వినండి. ఇక్కడ శనివారం రాత్రంటే సీబీసీలో హాకీ. తాతల కాలం నాటి అలవాటు. లాకౌట్ వచ్చేసరికి అదే టైములో సినిమాలు వేశారు, "మూవీ నైట్ ఇన్ కెనడా" అని పేరు పెట్టి. మా ఆఫీసులో తెల్లవాళ్ళు సోమవారం పొద్దున మాట్లాడుకోడానికి ఏమీ లేక వాతావరణం గురించి మాట్లాడుకునేవారు.

బేరం సంగతికొస్తే, టొరంటో జట్టు అమ్మేవాళ్ళు ఎవరనుకున్నారు? అప్పట్లో మేపుల్ లీఫ్స్ కంపెనీలో మెజారిటీ వాటా ఒంటారియో టీచర్ల పెన్షన్ ఫండ్‌ది. అవును, బడి పంతుళ్ళ పెన్షన్. వాళ్ళ చేతిలో హాకీ జట్టొక్కటే లేదు, రాప్టర్స్ బాస్కెట్‌బాల్ జట్టు ఉంది, రెండూ ఆడే స్టేడియం ఉంది. అందులోంచి హాకీ జట్టు ఒక్కటే పీకి బెయిన్‌కి ఇస్తే మిగతా సగం రాత్రులు హాలు ఏం చేసుకుంటారు?

పెట్టుబడి_పులి

కాకా చెప్పింది అసలు పాయింటు. ఫిలడెల్ఫియాలో కూడా అంతే. ఫ్లయర్స్ జట్టు, స్టేడియం, చూపించే లోకల్ స్పోర్ట్స్ చానెల్ మూడూ కామ్‌కాస్ట్ గూటివే. బోస్టన్ బ్రూయిన్స్ ఓనర్ జెరెమీ జేకబ్స్ ఇంకా తమాషా. ఆయన కుటుంబ వ్యాపారం డెలావేర్ నార్త్, అంటే స్టేడియాల్లో తిండి, బీరు అమ్మే కంపెనీ. హాలూ వాళ్ళదే. ఆయన పుస్తకాల్లో జట్టు ఒక గదిలో నష్టపోతే పక్క గదిలో హాట్‌డాగ్ లాభం చూపిస్తుంది.

అందుకే "జట్టు విలువ" అని విడిగా తీస్తే తప్పు లెక్క వస్తుంది. బెయిన్ లాంటి వాళ్ళకి ఇది తెలియదని కాదు. బెయిన్ పార్ట్‌నర్ స్టీవ్ పాల్యూకా 2002లోనే బోస్టన్ సెల్టిక్స్ కొన్న బృందంలో ఉన్నాడు.

ఫ్రిస్కో_బావ

సరే పులి బ్రో, కానీ ఆ నష్టాల లెక్క సంగతి? లీగే ఏడాదికి 27 కోట్ల 30 లక్షల డాలర్లు పోయాయని చెప్పింది కదా.

లెక్కల_మాస్టారు

అది ఆర్థర్ లెవిట్ రిపోర్టు. అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థకి మాజీ ఛైర్మన్. 2002-03 సీజన్‌కి ఆ అంకె, ఆదాయంలో 75 శాతం ఆటగాళ్ళ ఖర్చే అని. పెద్దమనిషే, కానీ పని పురమాయించింది లీగ్. అదే సీజన్‌కి ఫోర్బ్స్ వేసిన నష్టం 12 కోట్ల 30 లక్షలు. సగం కూడా లేదు. ఆటగాళ్ళ యూనియన్ నమ్మకపోవడానికి కారణం ఇదే. పైన పులిగారు చెప్పిన "పక్క గది లాభం" ఎవరు ఎక్కడ రాసుకుంటారన్న దాన్ని బట్టి నష్టం పెరుగుతుంది, తగ్గుతుంది.

ఇంకో సంగతి. సీజన్ రద్దయ్యే ముందు చివరి బేరం ఎక్కడ ఆగిందో తెలుసా? జీతాల పరిమితి జట్టుకి 4 కోట్ల 25 లక్షలు అని లీగ్, 4 కోట్ల 90 లక్షలు అని యూనియన్. మధ్యలో 65 లక్షలు. దాని దగ్గర ఆగి సీజన్ మొత్తం పోయింది. జూలైలో రాజీ పడినప్పుడు వచ్చిన పరిమితి 3 కోట్ల 90 లక్షలు, పైగా ఉన్న కాంట్రాక్టుల మీద 24 శాతం కోత. యూనియన్ పెద్ద బాబ్ గుడెనో ఆ నెలలోనే దిగిపోయాడు.

మాంట్రియల్_చలి

మీరంతా ఓనర్ల వైపు నుంచే చూస్తున్నారు. ఆటగాడి వైపు నుంచి చూడండి. 30 మంది ఓనర్లుంటే డెట్రాయిట్ ఇవ్వనన్న జీతం కొలరాడో ఇస్తుంది. ఓనర్ ఒక్కడే అయితే బేరం ఎవరితో ఆడాలి? వెళ్ళడానికి రెండో తలుపు లేదు. రష్యాకో స్వీడన్‌కో వెళ్ళాలి, అంతే. ఆ లాకౌట్లో వందల మంది వెళ్ళారు కూడా.

నల్లకోటు

మాంట్రియల్ గారు చెప్పిన దాని చట్టపు వైపు రాస్తాను, కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

అమెరికాలో పోటీ చట్టం ప్రకారం వేరు వేరు కంపెనీలు కూడబలుక్కుని ధర గానీ జీతం గానీ నిర్ణయిస్తే కేసు పెట్టొచ్చు. ఒకే కంపెనీ తన లోపల తాను నిర్ణయించుకుంటే కూడబలుక్కోవడం అనరు. కాబట్టి లీగ్ మొత్తం ఒకే కంపెనీ అయితే ఓనర్లకి పెద్ద రక్షణ. మేజర్ లీగ్ సాకర్ 1996లో మొదలైనప్పుడు ఇదే ఎత్తు వేసింది. ఆటగాళ్ళ కాంట్రాక్టులన్నీ లీగ్ పేరు మీదే. ఆటగాళ్ళు కేసు పెట్టారు. 2002లో అప్పీలు కోర్టు వాళ్ళ కేసు కొట్టేసింది, కానీ "మేం ఒకే సంస్థ" అన్న లీగ్ వాదనకి పూర్తిగా తల ఊపలేదు.

తర్వాత 2010లో అమెరికన్ నీడిల్ కేసు. టోపీల కంపెనీ. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ టోపీల హక్కు మొత్తం రీబాక్‌కే ఇచ్చేస్తే కోర్టుకెళ్ళింది. సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఏకమై, జట్లు వేరు వేరు వ్యాపారాలే, లీగ్ పేరు వెనక దాక్కుంటే కుదరదు అన్నారు. ఆ తీర్పు చదివితే బెయిన్ ఆఫర్ విలువ ఇంకోలా కనిపిస్తుంది. ఆ ఫుట్‌బాల్ లీగ్ 32 జట్ల ఓనర్లు కోర్టులో ఎంత మొత్తుకున్నా దొరకని హోదా, ఒక్కడు అన్నీ కొనేస్తే దానంతట అదే దొరికేది.

అయితే యూనియన్ ఉన్న చోట దీని ఉపయోగం కొంత తగ్గుతుంది. యూనియన్‌తో కుదిరిన ఒప్పందానికి ఎలాగూ కోర్టులు అడ్డు రావు. బెయిన్ కొన్నా మర్నాడు బేరానికి కూర్చోవాల్సింది అదే గుడెనోతో.

గచ్చిబౌలి_టర్ఫ్

ఐస్ హాకీ మనకెందుకు అనుకున్నా కానీ, ఆ 2005 మొదట్లోనే ఇక్కడ ఏం జరిగిందో గుర్తు చేయాలి. అక్కడ హాకీ ఆగిపోయిన చలికాలంలో ఇక్కడ మా గచ్చిబౌలి స్టేడియంలో ప్రీమియర్ హాకీ లీగ్ మొదటి సీజన్ మొత్తం ఆడారు. ఫీల్డ్ హాకీ అనుకోండి. హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది. దానికి ఊరూరా ఓనర్లు లేరు, పైనుంచే అంతా నడిపారు. 2008 తర్వాత కనపడలేదు. ఎవడి సొంత డబ్బూ లేని జట్టు కోసం ఎవడు ఏడుస్తాడు?

ఇప్పుడు తిరిగొచ్చిన హాకీ ఇండియా లీగ్‌లో ఫ్రాంచైజీలున్నాయి. 2025 ఫిబ్రవరిలో రూర్కెలా ఫైనల్లో మన హైదరాబాద్ తూఫాన్స్ బెంగాల్ చేతిలో 4-3తో ఓడింది. ఆ రాత్రి వచ్చిన బాధ ముందు సుల్తాన్స్ గెలుపు ఆనందం ఎంత?

ఫ్రిస్కో_బావ

ఓడిపోయిన జట్టుని చూపించి ఫ్రాంచైజీలు గొప్పవంటావేంటి అన్నా 😄

మోడరేటర్

ఐపీఎల్, కబడ్డీ పోలికలు పాత థ్రెడ్‌లో రాయండి. రెండు పోస్టులు అటు మార్చాను. తూఫాన్స్ పోస్టు ఉంచాను, హాకీయే కాబట్టి.

ఓక్‌విల్_కాకా

అభిమాని సంగతి ఎవరూ ఎత్తట్లేదు. టొరంటోకీ మాంట్రియల్‌కీ ఓనర్ ఒక్కడే అయితే ఆ మ్యాచ్ ఎవడు నమ్ముతాడు? నా పక్కింటాయన మాంట్రియల్ వాడు. లీఫ్స్ ఓడిన ప్రతిసారీ పొద్దున్నే మంచు తవ్వుతూ గంట సేపు నా చెవి కొరుకుతాడు. ఇద్దరి టికెట్టు డబ్బూ బోస్టన్‌లో ఒకే లాకర్లో పడుతుందని తెలిస్తే ఆయనకి నన్ను ఏడిపించే సరదా ఉంటుందా?

ఇది ఊహ కూడా కాదు. బేస్‌బాల్‌లో 1899లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ అని ఒక జట్టు. వాళ్ళ ఓనర్లే సెయింట్ లూయిస్ జట్టు కూడా కొన్నారు. మంచి ఆటగాళ్ళందర్నీ, సై యంగ్‌తో సహా, అటు తోలేశారు. క్లీవ్‌లాండ్ ఆ ఏడాది 20 గెలిచి 134 ఓడింది. తర్వాత జట్టే లేదు.

పెట్టుబడి_పులి

కాకా, బేస్‌బాల్ దాకా ఎందుకు, ఎన్‌హెచ్‌ఎల్ ఇంట్లోనే ఉంది ఆ కథ. ఆరు జట్లే ఉన్న రోజుల్లో జేమ్స్ నోరిస్ అని ధాన్యం వ్యాపారి. డెట్రాయిట్ ఆయనది. షికాగోలో, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆయన డబ్బు. బోస్టన్‌కి అప్పు. పత్రికల వాళ్ళు ఎన్‌హెచ్‌ఎల్ అంటే "నోరిస్ హౌస్ లీగ్" అని వెటకారం చేసేవాళ్ళు.

ఆయన పోయాక కొడుకుల్లో ఒకరి చేతిలో డెట్రాయిట్, ఇంకొకరి చేతిలో షికాగో. 1957లో డెట్రాయిట్ స్టార్ టెడ్ లిండ్సే ఆటగాళ్ళ సంఘం పెట్టబోయాడు. ఆ జూలైలోనే అతన్ని షికాగోకి పంపేశారు. అప్పటికి షికాగో అడుగున కొట్టుకుంటున్న జట్టు. పక్కన గోల్‌కీపర్ గ్లెన్ హాల్‌ని కూడా జత చేశారు. అన్నదమ్ముల మధ్య ఆటగాళ్ళ మార్పిడికి అడ్డు చెప్పేదెవరు?

నన్నడిగితే బెయిన్ ఆఫర్‌లో భయపడాల్సింది ధర కాదు, ఇదీ.

ఫ్రిస్కో_బావ

మీరంతా నీతి చెప్తున్నారు, ఓనర్లు నీతి కోసం వద్దన్నారా? డబ్బు పెరుగుతుందని వద్దన్నారు. పెరిగింది కూడా. మాస్టారూ, ఒక్క ముక్క లెక్క వేయండి.

లెక్కల_మాస్టారు

వేస్తాను. 2024లో ఫోర్బ్స్ సగటు జట్టుకి 192 కోట్ల డాలర్లు. పాత 30 జట్లకే 5,760 కోట్లు. 350 కోట్లకి ఇది పదహారు రెట్ల పైమాటే. ఏడాదికి సుమారు 15 శాతం చొప్పున. వేగస్ 50 కోట్లు, సియాటిల్ 65 కోట్లు కట్టి కొత్తగా చేరాయి, అది అదనం.

అయితే బెయిన్ లాంటి ఫండ్ ఇరవై ఏళ్ళు ఆగదు. ఐదేళ్ళు, ఏడేళ్ళు, తర్వాత అమ్మి పెట్టుబడిదారులకి పంచాలి. 2011 చివర్లో ఫోర్బ్స్ సగటు 24 కోట్లు. మొత్తం 720. రెట్టింపు పైచిలుకు, అంటే ఏడాదికి 11 శాతం చిల్లర. ఆ రిస్కుకి గొప్పదేం కాదు. 2009లో ఫీనిక్స్ జట్టు దివాలా తీస్తే లీగే 14 కోట్లు పెట్టి కొని 2013 దాకా మోసింది. 2011లో అట్లాంటా జట్టు ఊరు ఖాళీ చేసి విన్నిపెగ్ వెళ్ళింది. ఆ రెండు గుదిబండలూ బెయిన్ మెడలోనే ఉండేవి. ఏ జట్టు మూసేస్తారో కూడా ఊహించవచ్చు.

కాబట్టి నా లెక్కలో 2005లో ఇద్దరూ తప్పించుకున్నారు, ఓనర్లూ, బెయిన్ కూడా.

నల్లకోటు

మాస్టారి లెక్కకి ఒక చిన్న చేర్పు. అదే పెట్టుబడి సంస్థలు ఇప్పుడు దొడ్డి దారిన కాదు, వాకిట్లోంచే వస్తున్నాయి. టాంపా, మినెసోటా జట్లలో ఆర్క్‌టోస్ అనే ఫండ్‌కి వాటాలున్నాయి. మైనారిటీ వాటా, ఓటు అధికారం లేదు. 2005లో మొత్తం అడిగారు, ఇప్పుడు ముక్కలుగా తీసుకుంటున్నారు. ఒకే ఫండ్‌కి ఒకటికి మించి జట్లలో వాటా ఉండొచ్చు అన్నది గమనించండి. నోరిస్ పేరు ఎత్తినందుకు గుర్తొచ్చింది.

మాంట్రియల్_చలి

ఇంతసేపూ ఎవరూ చెప్పని సంగతి చెప్తా. హాకీ లీగ్ మొత్తాన్ని ఒకడు కొన్నాడు. 2023 జూన్ చివర్లో. ఆడవాళ్ళ లీగ్.

ప్రీమియర్ హాకీ ఫెడరేషన్ అని ఉండేది. డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు ఓనర్ మార్క్ వాల్టర్, టెన్నిస్ బిల్లీ జీన్ కింగ్ కంపెనీ కలిసి దాన్ని కొన్నారు. నడపడానికి కాదు, మూసేయడానికి. చేసుకున్న కాంట్రాక్టులన్నీ రద్దు. తర్వాతి సీజన్‌కి ఒకామెకి లక్షన్నర డాలర్ల కాంట్రాక్టు ఉండేది, అదీ పోయింది. 2024 జనవరి 1న పీడబ్ల్యూహెచ్‌ఎల్ అనే కొత్త ఆడవాళ్ళ లీగ్ మొదలైంది. ఆరు జట్లు, అన్నీ లీగ్‌వే. మొదటి సీజన్లో జట్లకి పేర్లు కూడా లేవు. జెర్సీ మీద ఊరి పేరు ఏటవాలుగా రాసి ఉండేది, రంగు మార్చి అదే డిజైను. మొదటిసారి చూసి ఇది స్కూల్ స్పోర్ట్స్ డేనా అనుకున్నాను.

కానీ మా ఊరి బెల్ సెంటర్ స్టేడియంలో మాంట్రియల్, టొరంటో మ్యాచ్‌కి, 2024 ఏప్రిల్‌లో, 21,105 మంది వచ్చారు. నేనూ ఉన్నాను. పైవరసలో సీటు, పక్కన ఇద్దరు చిన్నపిల్లలు గొంతు పోయేలా అరుస్తూ. ఓనర్ ఒక్కడే అని ఆ పిల్లలకి తెలీదు, తెలిసినా పట్టదు. కాకా గారి పక్కింటాయన సిద్ధాంతం ఆ రాత్రి పని చేయలేదు.

జీతాల మాట కూడా నిజాయితీగా చెప్పాలి. మొదటి సీజన్లో కనీసం 35,000 డాలర్లు, యూనియన్ ఒప్పందం ఎనిమిదేళ్ళకి. పాత లీగ్‌లో చాలామందికి అంత కూడా లేదు.

ఓక్‌విల్_కాకా

అమ్మా, ఒప్పుకుంటా, ఆ మ్యాచ్ నేనూ టీవీలో చూశాను. కానీ అక్కడ పోగొట్టుకోడానికి పాత బంధం లేదు. ఖాళీ స్థలంలో ఇల్లు కట్టడం వేరు, వందేళ్ళుగా జనం కాపురం ఉంటున్న వీధిని కొనేయడం వేరు. లీఫ్స్ 1967 నుంచి కప్పు గెలవకపోయినా టికెట్లు దొరకవు. ఆ పిచ్చిని ఏ ఫండ్ ఎక్సెల్ షీట్లో ఎక్కిస్తుంది?

నల్లకోటు

కప్పు మాట వచ్చింది కాబట్టి, నాకు అన్నిటికంటే నచ్చిన మలుపు ఇది. బెయిన్ 30 జట్లూ కొన్నా స్టాన్లీ కప్పు కొన్నట్టు కాదు. 1892లో కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ ఇచ్చింది, ఇప్పటికీ ట్రస్టీల చేతిలో ఉంది. 1947 ఒప్పందంతో లీగ్‌కి నడిపే హక్కు వచ్చింది, అంతే. 2005లో సీజన్ పోయేసరికి టొరంటోలో సరదాకి ఆడుకునే కొందరు కోర్టుకెళ్ళారు, లీగ్ ఆడకపోతే కప్పు ఇంకెవరికైనా ఇవ్వాలి కదా అని. 2006లో రాజీ కుదిరింది. ఎన్‌హెచ్‌ఎల్ ఏ ఏడాదైనా ఆడకపోతే ట్రస్టీలు బయటి జట్టుకి ఇవ్వొచ్చు.

ఆ ఏడాదికి కప్పు మీద "సీజన్ ఆడలేదు" అని చెక్కారు. 1919లో ఫ్లూ వల్ల ఫైనల్ మధ్యలో ఆగిపోయింది, దాని తర్వాత మళ్ళీ ఇదే.

మాంట్రియల్_చలి

పీడబ్ల్యూహెచ్‌ఎల్ కప్పు పేరేంటో చెప్పనా? వాల్టర్ కప్. ఓనర్ ఇంటిపేరే.

ఫ్రిస్కో_బావ

🤣 అదీ లీగ్ మొత్తం కొనడమంటే. బెయిన్ కొనుంటే ఏం పేరు పెట్టేవాళ్ళో.

పెట్టుబడి_పులి

ఆ ఆడవాళ్ళ లీగ్ మీద ఒక అనుమానం, తెలిసినవాళ్ళు చెప్పండి. 2025లో సియాటిల్, వాంకూవర్ చేరాయి కదా. అవి కూడా వాల్టర్ గ్రూపువేనా, లేక అక్కడి ఓనర్లకి అమ్మారా?

మాంట్రియల్_చలి

అన్నీ లీగ్‌వే. 2025లో ఉన్న ఎనిమిదీ.